చమురు ముల్లు పడిపోయినప్పుడు

సికిందరాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమున, మేడ్చలునకు ముందు, గౌడవెల్లి యను చిన్న స్టేషను కలదు. గ్రామస్థుల కార్యక్రమమునకై కూరగాయల రైతుల మాటలను ధ్వనిముద్రణ చేసికొనుటకు మేమొకనాడు ఆ యూరికి పోతిమి. పని ముగించుకొని తిరుగుముఖము పట్టునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. దారిలో ఒక యింటి ముందు, వేపచెట్టు నీడను, పాత షెవర్లే కారొకటి ముందుమూత యెత్తుకొని నిలిచియుండెను. ఇంజను నడచుచునే యుండెను. దాని చుట్టు నలుగురు పిల్లలును, చేతులకు జిడ్డంటిన యువకుడొకడును, తెల్లపంచె కట్టిన పెద్దమనిషి యొకరును ఉండిరి.

పాత కారు కనబడిన ఆగక పోవుట మా బృందములో ఎవరికిని చేతకాదు. అందును మా డ్రైవరునకు ముప్పది యేండ్ల యనుభవము. అతడు బండి దిగి పది యడుగులు వేసెనో లేదో, చెవి యొగ్గి విని, "బంద్ చెయ్యి కాకా, ముందు ఇంజన్ బంద్ చెయ్యి!" అని కేక వేసెను.

పెద్దమనిషి తెల్లబోయి తాళము త్రిప్పిరి. "మంచిగనే నడుస్తున్నది గద బిడ్డా. ముల్లే లేస్తలేదు. మీటర్ ఖరాబైనట్టున్నది" అనిరి.

ఆ ముల్లు, చమురు ఒత్తిడిని చూపు మీటరు ముల్లు. అది సున్న మీద పండుకొని యుండెను. విచారింపగా తెలిసిన సంగతి యిది. ఆ కారును వారు పెండ్లి ఊరేగింపులకు బాడుగ కిత్తురు. ఏటి రాబడిలో మంచి భాగము దానివలననే. ఎల్లుండి శామీరుపేటలో పెండ్లి, బయానా ముట్టినది. ఇంజను తడబడుచున్నదని ఆ యుదయము మెకానికును పిలిపించిరి. అతడు డిస్ట్రిబ్యూటరును మొత్తముగా ఊడదీసి, పాయింట్లు మార్చి, తుడిచి, మరల దించి బిగించెను. ఇంజను వెంటనే అందుకొనెను. తడబాటు పోయెను. తడబాటుతో పాటు చమురు ఒత్తిడియు పోయెను.

"నేను ఆయిల్ జోలికే పోలేదు సార్" అని యా యువకుడు మాతో మొరపెట్టుకొనెను. అతడన్నది నిజమే. స్పార్కును పంచిపెట్టు సాధనమును ముట్టుకొన్నచో చమురేల ఆగిపోవలెను? ఈ ప్రశ్న మమ్ము చీకటి పడువరకు ఆ వేపచెట్టు క్రిందనే నిలిపినది. పాత వాహనములను ప్రాణప్రదముగా కాపాడుకొను గృహస్థులు మా శ్రోతలలోను కలరు గనుక, ఆ సంగతిని కొంత విపులముగ ఇచ్చట వ్రాయుచున్నాము.

బండి ఇరుసునకు కందెన యేల వేయుదురో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. కందెన యెండిన ఇరుసు ముందు కూయును, పిదప వేడెక్కును, ఆ పిదప అరిగిపోవును. ఎద్దుబండి చక్రము తిరుగుటలో తొందర లేదు గనుక, ఆ కూతకును అరుగుదలకును నడుమ బండివానికి కావలసినంత వ్యవధి యుండును. మోటారు ఇంజనులోని క్రాంకుషాఫ్టు నిలకడగా నున్నప్పుడే నిమిషమునకు ఐదారువందల చుట్లు తిరుగును. దారి మీద రెండు మూడు వేలు. ఆ యిరుసునకును దానిని మోయు బేరింగునకును నడుమనున్న సందు అంగుళములో వేయింట ఒకటి మొదలు మూడు వంతులు. తలవెండ్రుక మందమునకు మించదు. ఆ సందులో చమురు పొర యున్నంత కాలము లోహము లోహమును తాకదు. పొర తెగిన క్షణమున తాకును. బేరింగు లోపలి పూత మెత్తని లోహము. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ యనువాడు కనిపెట్టిన తగరపు మిశ్రమము ఈ జాతికి మూలపురుషుడు. ఇరుసు గీచుకొనిపోకుండ తాను అరిగిపోవుటయే ఆ పూతకు విధించిన ధర్మము. ఒరిపిడి వేడికి అది మెత్తబడి, నలిగి, ఇరుసునకు అంటుకొనును.

ఇచ్చట ఒక విచిత్రమైన సంగతి చెప్పవలసి యున్నది. ఇరుసును తేల్చునది పంపు పుట్టించు ఒత్తిడియే యని పలువురు తలచెదరు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘము తరఫున బేరింగులపై ప్రయోగములు చేసి 1883లో ఫలితములను ప్రకటించెను. చమురు పోయుటకై ఆయన బేరింగు నెత్తిన ఒక రంధ్రము తొలిచెను. ఇరుసు తిరుగునప్పుడు ఆ రంధ్రము గుండ చమురు లోనికి పోవుటకు మారుగా పైకి ఉబికివచ్చెను. బిరడా పెట్టెను, బిరడా లేచిపోయెను. కొయ్యమేకు దిగగొట్టెను, అదియు మెల్లమెల్లగా పైకి వచ్చెను. తుదకు చదరపు అంగుళమునకు 200 పౌనుల వరకు చూపు మీటరు నమర్పగా, ముల్లు ఆ హద్దును దాటిపోయెను. తిరుగు ఇరుసే చమురును తన క్రిందికి లాగికొని, ఆ యిరుకులో అంత ఒత్తిడిని పుట్టించి, దానిపై తాను తేలుచున్నదన్న మాట! మూడేండ్లకు, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్సు దీనికి గణితము సమకూర్చెను.

అట్లయిన పంపేల? ఇరుసు లాగికొనుటకు చమురు ఉండవలెను గదా. ఇరుప్రక్కల నుండి చమురు కారిపోవుచునే యుండును; కారినంతయు పంపు మరల పోయుచునే యుండవలెను. మీటరు ముల్లు చూపునది ఆ సరఫరా. వేడెక్కిన ఇంజనులో వేయి చుట్లకు చదరపు అంగుళమునకు పది పౌనుల చొప్పున నున్న చాలునని పాత మెకానికులలో ఒక లెక్క కలదు. కిలోగ్రాములలో చెప్పవలెనన్న, చదరపు సెంటీమీటరునకు సుమారు 0.7. ఇది మోటు లెక్కయే గాని పనికివచ్చును. అన్ని యింజనులకు ఇది వర్తింపదు. 1954కు ముందటి షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజనులలో అనేకము అడుగు తొట్టిలోని చమురును కడ్డీల చివరనున్న చిన్న గరిటెలతో ఎగజిమ్ముకొని బ్రతుకునవి. వానిలో ముల్లు 14 దగ్గర నున్నను దోషము లేదు. గౌడవెల్లి కారు ఆ తరువాతిది; దాని బేరింగులన్నియు పంపునే నమ్ముకొన్నవి.

ఇక అసలు చిక్కునకు వత్తము. చమురు పంపు ఇంజను అడుగున తొట్టిలో నుండును. అందు రెండు పళ్లచక్రములు ఒకదాని నొకటి కరచుకొని తిరుగుచు చమురును పైకి నెట్టును. దానిని త్రిప్పువారెవరు? ఇంజను నడుమ క్యాంషాఫ్టు కలదు. దానిమీది ఏటవాలు పళ్లు డిస్ట్రిబ్యూటరు కాడకున్న చక్రమును త్రిప్పును. ఆ కాడ పైకొనన రోటరు తిరుగుచు ఆరు ప్లగ్గులకు వరుసగా స్పార్కును పంచును; ఈ యింజనులో ఆ వరుస 1-5-3-6-2-4. అదే కాడ అడుగుకొన నాలుకవలె చెక్కబడి, క్రిందనున్న పంపు ఇరుసు తలలోని గాడిలో దిగును. నాలుక గాడిలో నున్నంత కాలము పైన స్పార్కు, క్రింద చమురు ఒక్క కాడ మీదనే జరుగును. తయారుచేసినవారి పొదుపు మెచ్చదగినదే. ఒక చక్రముతో పోవుదానికి రెండేల పెట్టవలెను?

ఈ పొదుపులోనే ఉచ్చు కలదు. డిస్ట్రిబ్యూటరును దించునప్పుడు పళ్లు ముందుగా కరచుకొనును. నాలుక గాడిని చేరుట ఆ తరువాత. నాలుకయు గాడియు ఒకే వాటమున నున్ననే అది పూర్తిగా దిగును. లేనిచో నాలుక గాడి యంచున కూర్చుండి, డిస్ట్రిబ్యూటరు ఒడలు కొంచెము పైకే నిలిచిపోవును. ఆ కొంచెము ఒక్కొకప్పుడు గోరంత మాత్రమే. పైనుండి చూచినవానికి కనబడదు. బిగింపు పట్టీ నట్టును తిప్పినచో బిగిసినట్లే యుండును. పళ్లు సగము కరచియున్నను రోటరు తిరుగును, స్పార్కు వచ్చును, ఇంజను చక్కగ నడచును. పంపు మాత్రము కదలదు. ఇంకను బలవంతముగా బిగించినవారు డిస్ట్రిబ్యూటరు అడుగునో పంపు కాడనో విరుచుకొందురు.

ఆ యువకునిపై మాకు కోపము రాలేదు. అతడు పని నేర్చినది మారుతి బండ్ల మీద. 1983 డిసెంబరులో దారికెక్కిన మారుతి 800 ఇంజనులో డిస్ట్రిబ్యూటరు క్యాంషాఫ్టు కొనన వేలాడును. చమురు పంపు క్రాంకుషాఫ్టు ముందుకొనన నుండును. రెండింటికి పొత్తు లేదు. పెట్రోలు అంబాసిడరులోను అంతే: పంపునకును డిస్ట్రిబ్యూటరునకును క్యాంషాఫ్టు నుండి వేరు వేరు కాడలు. విల్లీసు జీపు సంగతి తలక్రిందులు. అందులో క్యాంషాఫ్టు మొదట పంపును త్రిప్పును. డిస్ట్రిబ్యూటరు పంపు ఇరుసు నుండి తన తిరుగుడును పొందును. కావున జీపులో డిస్ట్రిబ్యూటరును తీసి పెట్టినందున చమురు పోదు. పంపును తీసి అడ్డదిడ్డముగా పెట్టినచో స్పార్కు వేళ తప్పును. ఇప్పటి పెట్రోలు కార్లలోనైతే డిస్ట్రిబ్యూటరే లేదు, ప్లగ్గుకొక కాయిలు. డీజిలు బండికి స్పార్కుతో పనియే లేదు. జనరల్ మోటార్సు వారు 1928 నుండి 1954 వరకు బొంబాయిలో షెవర్లే బండ్లను కూర్చి దేశమంతట నమ్మిరి. నాగపూరు దారి వెంట ఆ బండ్ల వాటము తెలిసిన చేతులు ఒకనాడు ఊరికి నాలుగైన నుండెడివి. నేడు వెదకవలెను.

1962లో వచ్చిన ఫోర్డు చిన్న వి-8 ఇంజనులో మరియొక తమాషా కలదు. అందు డిస్ట్రిబ్యూటరునకును పంపునకును నడుమ ఆరుపలకల సన్నని కడ్డీ యుండును. అది డిస్ట్రిబ్యూటరుతో పాటు పైకి రాకుండ దానికొక చిన్న ఉక్కు వలయమును తొడుగుదురు. వలయము ఊడినను, కడ్డీని తలక్రిందుగ పెట్టినను, డిస్ట్రిబ్యూటరును ఎత్తినప్పుడు కడ్డీయు వెంట లేచి, నడుమ జారి, చమురు తొట్టిలో పడిపోవును. ఆ పిదప డిస్ట్రిబ్యూటరు హాయిగా అడుగంట దిగును, ఇంజనును నడచును. పంపును త్రిప్పు కడ్డీ తొట్టిలో నిద్రించుచుండును. తొట్టి విప్పక తప్పదు.

ఇట్టి యనుమానము కలిగినచో ఏమి చేయవలెను? మొదట ఇంజను నాపవలెను. "ఒక్కసారి రేజ్ చేసి చూతము, ముల్లు లేచునేమో" అనునది ప్రాణాంతకమైన కోరిక. ముల్లు చెడినదో చమురు రాలేదో తేల్చుకొనుటకు ఇంజనును నడపనక్కరలేదు. కాయిలు నుండి డిస్ట్రిబ్యూటరు నడుమకు పోవు లావుపాటి తీగను తీసి ఇంజను లోహమునకు గట్టిగా తగిలింపవలెను, అప్పుడిక అంటుకొనదు. మీటరునకు పోవు సన్నని గొట్టమును ఇంజను దగ్గర వదులు చేసి, క్రింద గుడ్డ పట్టి, స్టార్టరుతో పది పదునైదు సెకనులు త్రిప్పవలెను. చమురు చిమ్మినచో తప్పు మీటరుది, లేదా నలిగిన గొట్టముది. డిస్ట్రిబ్యూటరు చెంతనే పోవు ఆ గొట్టము పానా తగిలి నలుగుటయు కద్దు. చుక్క రానిచో పంపు తిరుగుట లేదనియో, ఎండిపోయి చమురును అందుకొనుట లేదనియో అర్థము. తొట్టిని ఖాళీచేసి చాలకాల ముంచిన యింజనులలోనే ఈ రెండవది తరచు. డిస్ట్రిబ్యూటరును మాత్రము తీసిన పూట అనుమానము మొదటి దాని మీదనే పోవలెను.

గౌడవెల్లిలో చుక్క రాలేదు. మా డ్రైవరు టార్చిలైటు పట్టి, డిస్ట్రిబ్యూటరు అంచునకును ఇంజను దిమ్మకును నడుమ చిటికెనవ్రేలి గోరును దూర్చి చూపెను. గోరు దూరెను. యువకుడు మారు పలుకలేదు. వంగి తానును గోరు దూర్చి చూచుకొనెను.

మరల తీసి పెట్టుటలో తొందరపడరాదు. డిస్ట్రిబ్యూటరును కదల్చకముందే మూత తీసి, రోటరు ఏ వైపు చూచుచున్నదో ఒడలి మీద నొక గీత, ఒడలు ఏ వాటమున నున్నదో దిమ్మ మీద నొక గీత గీచుకొనవలెను. బయట నున్నంతసేపు ఇంజనును త్రిప్పరాదు. పళ్లు ఏటవాలువి గనుక పైకి లాగునప్పుడు రోటరు కొంత మేర మరలును. ఎంత మరలినదో అంత వెనుకకు పెట్టి దించిననే దిగునప్పటికి గీతకు వచ్చును. ఇంతవరకు చాలమందికి తెలియును. మరచునది గాడి సంగతి. రంధ్రములోనికి దీపము వేసి చూచిన పంపు తల కనబడును. పొడుగాటి స్క్రూడ్రైవరుతో ఆ గాడిని నాలుక వాటమునకు త్రిప్పవచ్చును. ఒకటి రెండు ప్రయత్నములు తప్పవు. కొంచెము ఎక్కువ త్రిప్పుట, కొంచెము తక్కువ త్రిప్పుట. దీపముతో కుదరనివారికి ఇంకొక యుపాయము కలదు. పళ్లు కరచువరకు దించి, ఒడలిపై అరచేతిని మెత్తగ నాన్చి, ఒకరు స్టార్టరును కొద్దికొద్దిగ త్రిప్పుచుండవలెను. గాడి తన వాటమునకు వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటరు టక్కున క్రిందికి పడును. ఆ పడుట అరచేతికి స్పష్టముగ తెలియును. పడకమునుపు నట్టును ముట్టరాదు.

పడిన తరువాత, బిగించిన తరువాత, కాయిలు తీగ బయటనే యుండగా, ముల్లు లేచువరకు స్టార్టరుతో త్రిప్పుట మేలు. మోటారును ఎడతెగక వాయించక, నడుమనడుమ బ్యాటరీకి విశ్రాంతి నీయవలెను. స్పార్కు వేళను సరిచూచుట ఆ పిదప. కొత్తగా కూర్చిన ఇంజనులకు మెకానికులు ఇంకను ముందుగానే జాగ్రత్తపడుదురు. డిస్ట్రిబ్యూటరును పెట్టకముందే పొడుగు కడ్డీ తగిలించిన డ్రిల్లుతో పంపును త్రిప్పి, బేరింగులకు చమురు నందింతురు. షెవర్లేకు పైనుండి చూచిన గడియారపు ముల్లు వాటము. పైన చెప్పిన ఫోర్డునకు దానికి ఎదురు వాటము. చమురందుకొనగానే డ్రిల్లు బరువెక్కి మూలుగును. 1955 నుండి వచ్చిన షెవర్లే వి-8లోనైతే డిస్ట్రిబ్యూటరు ఒడలే చమురు దారిలో నొక మూతగ నిలుచును. అది లేక వట్టి కడ్డీతో త్రిప్పినచో చమురు ఆ రంధ్రముననే వెడలిపోయి ఒత్తిడి చాలదు. దానికి మూతతో కూడిన పనిముట్టు వేరుగా దొరకును.

ఆ సాయంకాలము డిస్ట్రిబ్యూటరును దించినది యువకుడే. మా డ్రైవరు కారులో కూర్చుండి స్టార్టరును త్రిప్పెను. మూడవమారు అది దిగెను. యువకుని మొగము చూచియే మాకు తెలిసెను. తీగ పెట్టకుండ త్రిప్పగా ముల్లు ఒకటి రెండు మార్లు వణకి, లేచి నిలిచెను. పెద్దమనిషి రెండు చేతులు జోడించిరి. మేమును సంతోషించితిమి. తీగ పెట్టి ఇంజనును అంటించితిమి. ముల్లు లేచియే యుండెను. వేడెక్కిన కొలది మాత్రము అడుగున నెక్కడనో సన్నని తట్టు వినబడసాగెను. ఎవరును చెప్పకమునుపే మా డ్రైవరు మరల తాళము త్రిప్పెను.

మధ్యాహ్నము నుండి ఆ యింజను మూడుమార్లు, మారునకు మూడు నాలుగు నిమిషముల చొప్పున, చమురు లేక నడచినదట. దారి మీదికి పోలేదు గనుక ఇరుసు మిగిలినది. మరునాడు తొట్టి విప్పగా రెండవ సిలిండరు కడ్డీ బేరింగు పూత గీచుకొనిపోయి యుండెను, తక్కినవి మంచివే. ఇరుసు మీద గీతలు లేవు. బేరింగు చిప్పలు సికిందరాబాదు రాణిగంజ్‌లో దొరకునప్పటికి వారము పట్టినది. శామీరుపేట పెండ్లికి వేరొక బండి పోయినది. బయానా తిరిగి ఇచ్చివేసిరి.

తరువాత నెలకు ధ్వనిముద్రణలోని కొన్ని మాటలను సరిచూచుకొనుటకై మేము మరల గౌడవెల్లికి పోతిమి. కారు వేపచెట్టు క్రింద కడిగి తుడిచి యుండెను. ముందుమూత యెత్తి చూపించిరి. డిస్ట్రిబ్యూటరు పూర్తిగా దిగినప్పుడు దాని యంచు ఎచ్చట నుండునో అచ్చట, దిమ్మ మీదను ఒడలి మీదను కలియునట్లుగా, ఆ యువకుడు తెల్లరంగుతో సన్నని గీత యొకటి గీచియుంచెను.